టాంజానియా పిక్కకు సుంకం లేదు, ఐవరీ కోస్ట్ పిక్కకు ఉంది. ఎందుకని?

ప్రశ్న: మోరిలో మాకు జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. టాంజానియా జీడిపిక్కలకు విశాఖ కస్టమ్స్‌లో సుంకం పడలేదు, ఐవరీ కోస్ట్ లోడుకు పడింది. రెండూ ఆఫ్రికా బీద దేశాలే కదండీ. ఈ వివక్ష మీద కోర్టుకు వెళ్లొచ్చా? బుర్కినా ఫాసో పేరుతో కాగితాలు పుట్టిస్తానని ఓ బ్రోకర్ అంటున్నాడు.
– ఒక పాఠకుడు, సఖినేటిపల్లి మండలం

జవాబు: ముందు ఆ బ్రోకర్ ఫోన్ ఎత్తడం మానేయండి. కారణం కింద చెబుతాను.

ఇక్కడ బీదతనాన్ని తేల్చేది ఐక్యరాజ్యసమితి తయారుచేసే 'అతి వెనకబడిన దేశాల' జాబితా. తలసరి ఆదాయం, జనం చదువు-ఆరోగ్యం, ఆర్థిక, పర్యావరణ దెబ్బలకు ఎంత తేలిగ్గా కుదేలవుతుందన్నదీ చూసి, అక్కడి అభివృద్ధి విధాన కమిటీ మూడేళ్లకోసారి సమీక్షిస్తుంది. చేరాలంటే మూడింటిలోనూ వెనకబడి ఉండాలి. 2024 డిసెంబరులో సావోటోమే అనే దేశం బయటికొచ్చాక అందులో 44 దేశాలు మిగిలాయి. టాంజానియా ఉంది, ఐవరీ కోస్ట్ లేదు. ఘనాకు అర్హత ఉందని 1994లో కమిటీ తేల్చినా, ఆ ముద్ర మాకొద్దని ఘనాయే కాదంది! తెల్లకార్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనవాళ్లకు ఇది వింతే.

జాబితాలో ఉంటే సరిపోదు. 2008 ఆగస్టులో మన దేశం మొదలుపెట్టిన సుంకం మినహాయింపు పథకంలో చేరతామని ఆ దేశం మన ప్రభుత్వానికి రాయాలి, దాని పేరు కస్టమ్స్ నోటిఫికేషన్ 96/2008 షెడ్యూలులోకి ఎక్కాలి. లోడు బుక్ చేసే ముందు ఆ షెడ్యూలు తాజా ప్రతి చూసుకోండి. తర్వాతి సమీక్ష 2027లో ఉంది.

కోర్టు ఖర్చు దండగ. అతి వెనకబడిన దేశాలకు ప్రత్యేక రాయితీ ఇవ్వొచ్చని 1979 నాటి గాట్ (అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం) నిర్ణయంలోనే ఉంది. మాదకద్రవ్యాలను అరికట్టే పేరుతో పాకిస్తాన్ లాంటి కొన్ని దేశాలకే యూరప్ ఇచ్చిన సుంకం రాయితీపై 2004లో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)లో మనం గెలిచిన మాట నిజమే. ఒకే స్థితిలో ఉన్న దేశాలను వేరుగా చూడకూడదన్నారు. మీ రెండు దేశాల స్థితి కాగితం మీద ఒకటి కాదు.

ఇక బ్రోకర్. పిక్క చెట్టున పండిన దేశమే దాని పుట్టిల్లు, సర్టిఫికెట్ ఎక్కడిదైనా సరే. బుర్కినా కూడా ఆ జాబితాలో ఉంది, అందుకే బ్రోకర్ దాని పేరు ఎత్తాడు. దానికి సముద్రం లేదు కాబట్టి దాని అసలు సరుకు కూడా ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ రేవు నుంచి రావొచ్చు, అది తప్పు కాదు. ఐవరీ కోస్ట్ పిక్కకు బుర్కినా కాగితం తగిలిస్తే మాత్రం మోసమే. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలు కస్టమ్స్‌కు చెప్పే పత్రం) మీ పేరుతో దాఖలవుతుంది, బ్రోకర్ పేరుతో కాదు. కస్టమ్స్ చట్టం 28(4) కింద ఐదేళ్ల వెనక్కి వెళ్లి సుంకం అడుగుతారు, 114ఎ కింద అంతే జరిమానా. తెలిసి తప్పుడు పత్రం వాడితే 114ఎఎ కింద సరుకు విలువకు ఐదు రెట్ల దాకా వేయొచ్చు. సరుకు జప్తు సరేసరి. 2018 బడ్జెట్‌లోనే పిక్కల సుంకం 5 నుంచి 2.5 శాతానికి దిగింది. ఆ రెండున్నర కోసమా ఇదంతా?

పప్పు ఎగుమతి చేస్తుంటే, అడ్వాన్స్ ఆథరైజేషన్ (ఎగుమతి సరుకు తయారీకి కావలసిన ముడిసరుకును సుంకం లేకుండా తెచ్చుకునే అనుమతి) గురించి మీ కస్టమ్స్ ఏజెంటును అడగండి. దానికి పిక్క ఏ దేశానిదన్న పేచీ లేదు.