పచ్చళ్ల షాపు బోర్డు గురించి

బిడ్డా,

చిక్కడపల్లి షాపు బోర్డుకు నువ్వు ఎంచుకున్న ఇంగ్లీషు ఫాంట్ చూశాను. పొడుగ్గా, ఇరుకుగా, దిట్టంగా, పైనా కిందా మందపాటి అడ్డపట్టీలతో ఉన్న ఆ పాతకాలపు అక్షరం నాకు చాలా నచ్చింది. పచ్చళ్ల షాపుకు అది బాగా నప్పుతుంది. కానీ డిజైన్ అప్పుడే ప్రింటుకు ఇవ్వకు. ఇలాంటి లావు అక్షరాన్ని చదివించేది దాని లోపలా పక్కనా ఉన్న తెలుపే. నీ డిజైన్‌లో ఆ తెలుపు చాలాచోట్ల పూడిపోయింది.

పికిల్స్ అన్న ఇంగ్లీషు మాట బోర్డులో పట్టడం లేదని పక్కల నుంచి నొక్కేసినట్టున్నావు. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డపట్టీలు మాత్రం ఉన్నంత మందంగానే ఉంటాయి. ఆ మాటలో ఐ ఒక్కటి చూసినా తెలుస్తుంది: నడుము చిక్కి, పాదాలు లావెక్కాయి. మొదటి నుంచీ ఇరుకుగా గీసిన ఫాంట్‌లో అలా ఉండదు. అక్కడ నిలువు గీత లావు పోనివ్వకుండా లోపలి ఖాళీని చూసి చూసి తగ్గిస్తారు. కాబట్టి ఆ ఫాంట్‌లోనే ఇంకా ఇరుకు రకం ఉంటే అది వాడు, లేకపోతే సైజు తగ్గించు. నొక్కడం మాత్రం వద్దు.

ఈ అడ్డపట్టీల అక్షరాలు పెరిగిందే పోస్టర్ల మీద. లండన్‌లో విన్సెంట్ ఫిగ్గిన్స్ 1815 ప్రాంతంలో వీటిని ‘యాంటిక్’ అన్న పేరుతో తన నమూనా పుస్తకంలో వేశాడు. పోస్టర్లు పెద్దవయ్యేకొద్దీ సీసం అక్షరాలు బరువూ ఖరీదూ అయ్యాయి. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ యంత్రం పెట్టి కర్ర అక్షరాలు కోయడం మొదలుపెట్టాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఆ యంత్రానికి పాంటోగ్రాఫ్ (ఒక గీతను చిన్నదిగానో పెద్దదిగానో నకలు తీసే పరికరం) జోడించాక ఒకే నమూనా నుంచి రకరకాల సైజులు తీయడం తేలికైంది. పొడవాటి మాట కూడా ఇరుకు కాగితం మీద పూర్తి ఎత్తులో పట్టాలి కదా, అందుకే ఈ ఇరుకు రకాలకు గిరాకీ వచ్చింది. నీ షట్టర్ పైన ఉన్న చోటూ అలాంటిదే, అందుకే ఎంపిక సరైనదంటున్నాను.

ఇక అక్షరాల మధ్య ఎడం. కె, ఎల్, ఈ వరసగా వచ్చేచోట జాగ్రత్తగా చూడు. కె కాలి పట్టీ ఎల్ పట్టీకి తగులుతోంది, ఎల్ చెయ్యి వెళ్లి ఈ పాదానికి తగులుతోంది. కింద ఇంత ఇరుకు, ఎల్ పైన మాత్రం పెద్ద ఖాళీ. ఆ ఖాళీ నింపాలని ఇంకా దగ్గరికి జరిపితే మూడూ ముద్దవుతాయి. ఎక్కువ ఇబ్బంది పెట్టే ఆ జంటను ముందు సరిచేసుకుని, మిగతా అక్షరాలను దానికి తగ్గట్టు వదులు చెయ్యి. అందరూ దీనికి ఉల్టా చేస్తారు.

తెలుగు దగ్గర నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. ‘పచ్చళ్లు’ను నువ్వు వత్తులతో సహా కొలిచి ఇంగ్లీషు ఎత్తుకు సమానం చేశావు. చ వత్తూ ల వత్తూ కింద సగం చోటు తినేశాక అసలు అక్షరాలు చిన్నబోక ఏం చేస్తాయి? వత్తులు వదిలేసి, చ ఎత్తును ఇంగ్లీషు ఎత్తుతో కలుపు. వత్తులు కిందికి దిగనీ, వాటికి చోటివ్వు. లావు పెంచేటప్పుడు ప మీద కన్ను వెయ్యి. తలకట్టుకూ ఒంటికీ మధ్య సందు పూడిందంటే అది వ అయిపోతుంది, రోడ్డు మీద జనం ‘వచ్చళ్లు’ అని చదువుతారు.

తెలుగుకూ అడ్డపట్టీలు తగిలిద్దామని మీ డిజైనర్ అన్నాడట. ఒప్పుకోకు. మన అక్షరం గుండ్రం మీద నిలబడేది, దానికి పాదాలు లేవు. రెండు భాషల మధ్య కలవాల్సింది గీత లావు. ఊరికే దొరికేవాటిలో ఫాంట్లు గీసే ఎక్ టైప్ వాళ్ల ‘అనేక్ తెలుగు’ ఉంది, అందులో లావూ వెడల్పూ రెండూ మార్చుకోవచ్చు. బాగా లావుగా, ఇరుకుగా పెట్టి చూడు. ఇంకా పాతదనం కావాలంటే తలకట్టు చివరను మొండిగా కోయించు, చాలు. ఉర్దూ కూడా పెట్టాలనుకుంటే ఛత్తా బజార్‌లో కాతిబ్‌తో, అంటే ఉర్దూ అందంగా చేత్తో రాసే ఆయనతో, రాయించు. ఉర్దూ రాసే నస్తాలీఖ్ ఏటవాలుగా కిందికి దిగే రాత, దాన్ని ఇరికించకూడదు.

పాతగా కనిపించాలని అక్షరాల మీద వేసిన ఆ గీతలూ మచ్చలూ తీసెయ్. నాటి ప్రెస్సువాళ్లు నలుపు నిండుగా పడాలనే తాపత్రయపడేవాళ్లు. పైగా కంప్యూటర్ మచ్చ ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండింటి మీదా ఒకే చోట పడుతుంది, చూడగానే దొంగతనం తెలిసిపోతుంది.

పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అన్నది బోర్డులవాళ్ల పాత లెక్క. ఇరుకు అక్షరానికి ఇంకాస్త ఎక్కువే వేసుకో. తెలుపు నలుపు కాగితం మీద అసలు సైజులో ప్రింట్ తీయించి షట్టర్‌కు అంటించు. అవతలి ఫుట్‌పాత్ నుంచి పగలొకసారి, లైట్లు వేశాక ఒకసారి ఫోటో తీసి నాకు పంపు. వాటిని చూశాకే ఫ్లెక్సా, రేకు బోర్డా అన్నది మాట్లాడుకుందాం.

మీ పెద్దనాన్న