మీ ప్రశ్నలు – మా జవాబులు: ఇంటి మీద తిరిగే విమానాలు

అమెరికాలో చిన్న ఊళ్ల విమానాశ్రయాల దగ్గర ఇళ్లు కొనుక్కున్న పాఠకులు ఈ మధ్య చాలామంది రాశారు. చప్పుడు, రన్‌వే పొడిగింపు, సీసం కలిసిన ఇంధనం, పరిహారం గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్ని ఎంచి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా కౌంటీ నడిపే చిన్న విమానాశ్రయంలో అర్ధరాత్రి కూడా జెట్లు దిగుతున్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా రాకపోకలు నిషేధిస్తూ ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) చేయమని కౌంటీ కమిషనర్లను అడగడానికి సంతకాలు సేకరిస్తున్నాం. ఇది నిలుస్తుందా? – ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: ఆ రూపంలో నిలవదు. ఆకాశం ఫెడరల్ ప్రభుత్వానిది. కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్ నగరం రాత్రి పూట జెట్లు ఎగరకూడదని చేసిన ఆర్డినెన్స్‌ను 1973లో సుప్రీం కోర్టు కొట్టేసింది. అయితే విమానాశ్రయం సొంతదారు సంగతి వేరని ఆ తీర్పులోనే ఒక చిన్న సందు మిగిలింది. మీ కౌంటీయే సొంతదారు కాబట్టి ఆ సందులోంచి వెళ్లవచ్చని అనిపిస్తుంది. కానీ 1990లో వచ్చిన విమానాశ్రయ శబ్ద చట్టం ఆ దారిని బాగా ఇరుకు చేసింది. ఇప్పుడు తిరుగుతున్న జెట్లను ఆపాలంటే ముందుగా ఖర్చు, లాభాల లెక్క తీసి, ప్రజలకు కనీసం 45 రోజుల గడువిచ్చి అభిప్రాయాలు తీసుకుని, ఫెడరల్ విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ అనుమతి పొందాలి. ఆ సంస్థ ఆరు షరతులతో దాన్ని తూచి చూస్తుంది. బర్‌బ్యాంక్ విమానాశ్రయం ఏళ్ల తరబడి ఆ అధ్యయనం చేయించి పెట్టుకున్న కర్ఫ్యూ దరఖాస్తును కూడా 2009లో ఎఫ్‌ఏఏ తిరస్కరించింది.

‘మేం ఫెడరల్ డబ్బే తీసుకోం, అప్పుడు ఈ బెడద ఉండదు’ అని కొన్ని ఊళ్లు అనుకున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఈస్ట్ హాంప్టన్ టౌన్ 2015లో అదే ధైర్యంతో తన సొంత విమానాశ్రయంలో రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా కర్ఫ్యూ పెట్టింది. చప్పుడెక్కువ చేసే విమానాలకు ఆ గడువును రాత్రి 8 నుంచి ఉదయం 9 దాకా పెంచింది. 2016లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు దాన్ని ఆపేసింది. గ్రాంటు తీసుకున్నా తీసుకోకపోయినా 1990 చట్టం చెప్పిన పద్ధతి పాటించాల్సిందే అంది.

కాబట్టి సంతకాల కాగితం మీద అడిగేది మార్చండి. రాత్రి దిగే జెట్లు చాలామంది అనుకునే దానికంటే తక్కువ మందివి; అవే కొన్ని విమానాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ల్యాండింగ్ ఫీజు, ఇంధనం అమ్మకం రికార్డులు బహిరంగ రికార్డుల చట్టం కింద కౌంటీని అడగండి. ఎవరు వస్తున్నారో తేలాక, స్వచ్ఛంద నిశ్శబ్ద వేళలు ప్రకటించి ఆ యజమానులకు నేరుగా ఉత్తరాలు రాయమని కమిషనర్లను కోరండి. అంబులెన్స్ విమానాలకు, హెలికాప్టర్లకు మినహాయింపు ఉంటుందని మీ అర్జీలో మీరే ముందుగా రాయండి. అది లేకపోతే ఎదుటివాళ్లు సభలో మొదట పట్టుకునేది దాన్నే.

ఇంకో మాట. 1990 అక్టోబర్ 1 నాటికే అమల్లో ఉన్న ఆంక్షలకు ఆ చట్టం వర్తించదు. పాత కమిషనర్ల తీర్మానాల పుస్తకాలు తిరగేయండి. అప్పట్లో పెట్టి, తర్వాత అందరూ మరిచిపోయిన నిబంధన ఏదైనా దొరికితే కొత్తదాని కోసం పోరాడే కంటే దాన్ని నిలబెట్టుకోవడం తేలిక.

ప్రశ్న: శిక్షణ విమానాలు పొద్దుటి నుంచి మా ఇంటి చుట్టూ గిరగిరా తిరుగుతున్నాయి. చాలా కిందుగా ఎగురుతున్నాయి. ఫోన్‌లో చప్పుడు కొలిచే యాప్‌తో రోజూ రాసి పెడుతున్నాను. ఎవరికి పంపాలి? – ఒక పాఠకురాలు, కొలరాడో

జవాబు: మీరు చెప్పేది టచ్ అండ్ గో. విమానం రన్‌వే మీద చక్రాలు ఆనించి, ఆగకుండా మళ్లీ లేచి, దీర్ఘచతురస్రంగా చుట్టు తిరిగి వస్తుంది. ఒక్కో చుట్టుకు ఆరేడు నిమిషాలు పడుతుంది. లెక్కల్లో ఒక టచ్ అండ్ గో అంటే రెండు ఆపరేషన్లు: ఒకటి దిగడం, ఒకటి లేవడం. మీ విమానాశ్రయం ఏడాది లెక్క భారీగా కనిపిస్తే అందులో ఎక్కువ భాగం ఈ కొద్ది విమానాలదే కావచ్చు.

ఎత్తు గురించి రూలు ఇది: జనం కిక్కిరిసిన చోట చుట్టుపక్కల 2,000 అడుగుల లోపు ఉన్న అతి ఎత్తైన కట్టడానికి 1,000 అడుగుల పైన, మిగతా చోట్ల 500 అడుగుల పైన ఎగరాలి. కానీ దిగడానికీ లేవడానికీ అవసరమైనంత మేరకు ఈ రూలు వర్తించదు. అందుకే రన్‌వే కొసకు సూటిగా ఉన్న ఇంటి నుంచి ‘కిందుగా ఎగిరింది’ అన్న ఫిర్యాదు వెళ్తే ఏమీ జరగదు. రన్‌వేకు దూరంగా, చుట్టు తిరిగే దారి కానిచోట 500 అడుగుల కంటే కిందికి వస్తే అది భద్రత విషయం. దాన్ని ఎఫ్‌ఏఏ వారి మీ ప్రాంతపు ఫ్లైట్ స్టాండర్డ్స్ కార్యాలయానికి పంపండి. చప్పుడు సంగతి విమానాశ్రయం మేనేజరుకి, ఎఫ్‌ఏఏ శబ్ద ఫిర్యాదుల పోర్టల్‌కి పంపండి. రెండూ కలిపి ఒకే ఉత్తరంలో రాస్తే రెండూ మూలన పడతాయి.

ఫోన్ యాప్ అంకెలకు విలువ ఇవ్వరు. తేదీ, నిమిషం, విమానం ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వెళ్లింది, తోక మీద ఎన్ అక్షరంతో మొదలయ్యే నంబరు, అదే నంబరు ఆ గంటలో ఎన్ని చుట్లు తిరిగింది – ఇవి రాయండి. విమానం తానెక్కడుందో తానే తెలిపే ఏడీఎస్-బీ అనే రేడియో సంకేతం పంపుతుంటే దాని దారి, ఎత్తు ఇంటర్నెట్ మ్యాపుల్లో దొరుకుతాయి. కానీ చిన్న విమానాశ్రయాల చుట్టూ ఆ పరికరం అన్ని విమానాలకూ తప్పనిసరి కాదు. పైగా ఆ మ్యాపులు చూపే ఎత్తు చాలాసార్లు సముద్రమట్టం నుంచి లెక్కేసింది. మీ ఊరు సముద్రమట్టానికి 5,000 అడుగుల పైన ఉంటే, మ్యాపులో 6,000 కనిపించిన విమానం మీ కప్పుకు 1,000 అడుగుల పైన ఉన్నట్టు. ఈ తీసివేత మరిచి ఫిర్యాదు పంపితే ఆ తర్వాత పంపినవన్నీ అనుమానంగానే చూస్తారు.

ఇప్పుడు ఏం అడగాలో చూద్దాం. చుట్టు తిరిగే ఎత్తు పెంచమని అందరూ అడుగుతారు. 1,000 అడుగులను 1,200 చేస్తే చప్పుడు తగ్గేది డెసిబెల్‌న్నర చిల్లర. చెవికి తేడా తెలియదు. దూరం రెట్టింపైతే తగ్గేది 6 డెసిబెల్స్. అందుకే చుట్టు దారిని పక్కకు, ఇళ్లు లేని పొలాల మీదికి జరపమని అడగండి. గాలి లేని రోజుల్లో ఇళ్లు తక్కువ ఉన్న కొస నుంచే లేవమని అడగండి. రన్‌వే మధ్యలోంచి కాకుండా మొదటి నుంచి పరుగు మొదలుపెట్టమనండి. ఊరి మీదికి వచ్చేసరికి విమానం అంత ఎత్తులో ఉంటుంది.

చిన్న విమానం చప్పుడులో పెద్ద వాటా ప్రొపెల్లర్ కొసలది. ఆరడుగుల పైచిలుకు ప్రొపెల్లర్ నిమిషానికి 2,700 సార్లు తిరిగితే దాని కొస ధ్వని వేగంలో 80 శాతం అందుకుంటుంది. ఆ చెవులు చిల్లులు పడే మోత అక్కడి నుంచే వస్తుంది. 2,400కి తగ్గిస్తే 70 శాతం చిల్లరకు దిగుతుంది. బ్లేడు కోణం మార్చుకునే ప్రొపెల్లర్ ఉన్న విమానాలు సురక్షితమైన ఎత్తు చేరాక ఈ పని చేయగలవు. శిక్షణలో ఎక్కువగా వాడే సెస్నా 172లో చాలావాటికి బ్లేడు కోణం మారదు. వాటిని ఇది అడిగి లాభం లేదు. వాటి విషయంలో అడగాల్సింది వేళలు: ఆదివారం ఉదయం 9 దాకా చుట్లు వద్దని, ఒక విమానం వరుసగా ఇన్ని చుట్లకు మించి తిరగవద్దని, కొన్నిటికి పక్క విమానాశ్రయాలకు వెళ్లమని. శిక్షణ సంస్థ సంతకం చేస్తే దాన్ని స్వచ్ఛంద ఒప్పందంగా రాసుకోవడానికి ఫెడరల్ నిబంధనల్లోనే దారి ఉంది. సంతకం చేసినవాళ్లనే అది కట్టిపడేస్తుంది, బయటి నుంచి వచ్చే విమానాలకు వర్తించదు. ఆ సంస్థ లీజు ఎప్పుడు తీరుతుందో కనుక్కుని, ఆరు నెలల ముందే మాటలు మొదలుపెట్టండి.

కోపంలో ఎవరైనా లేజర్ లైటు గురి పెడితే అది అయిదేళ్ల దాకా జైలు పడే ఫెడరల్ నేరం. పైలట్ కళ్లు చెదిరితే మనిషి ప్రాణం పోవచ్చు. మీ బృందంలో అందరికీ ఇది గట్టిగా చెప్పండి.

ప్రశ్న: అధికారుల శబ్ద పటంలో మా ఇల్లు ‘ప్రభావం లేని’ చోట ఉంది. కానీ మాకు నిద్ర లేదు. పటం తప్పా? – ఒక పాఠకుడు, ఒరెగాన్

జవాబు: పటం తప్పు కాకపోవచ్చు, అది కొలిచేదే వేరు. మొత్తం ఏడాది చప్పుడును సగటు రోజుగా మార్చి, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా వచ్చే చప్పుడుకు 10 డెసిబెల్స్ కలిపి ఒకే అంకె తీస్తారు. 65 దాటితేనే ఇళ్లకు తగని చోటుగా లెక్క. చిన్న విమానాశ్రయాల్లో ఆ గీత చాలాసార్లు కంచె దాటి బయటికి రాదు. సగటు మీద వాదించి గెలవడం కష్టం. రోజుకు ఎన్నిసార్లు చప్పుడు ఫలానా స్థాయి దాటింది అనే లెక్కను కూడా అధ్యయనంలో చేర్చమని అడగండి. ఎఫ్‌ఏఏ నిర్ణయానికి అది ఆధారం కాకపోయినా కమిషనర్లకు అర్థమయ్యే భాష అదే.

ప్రశ్న: రన్‌వేను 4,000 నుంచి 5,500 అడుగులకు పొడిగిస్తామంటున్నారు. ఆపగలమా? – ఒక పాఠకురాలు, జార్జియా

జవాబు: మీ చేతిలో అన్నిటికంటే బలమైన పని ఇదే. ఉన్న విమానాలను ఆపమనడం కష్టం. కొత్తవాటికి చోటు కల్పించవద్దని కౌంటీని ఒప్పించడం కౌంటీ ఓట్ల పని. పొడిగింపుకు సొంతదారు దరఖాస్తు చేయకపోతే ఎఫ్‌ఏఏ తనంతట తాను రన్‌వే పోయదు.

పొడవుకూ జెట్లకూ లింకు ఇదీ: అద్దెకు తిరిగే జెట్లు మామూలుగా ఉన్న రన్‌వేలో 60 శాతం లోపు దిగి ఆగగలగాలి. 4,000 అడుగుల్లో వాటికి దక్కేది 2,400. 5,500 అయితే 3,300. మధ్యలో ఉన్న ఆ 900 అడుగులే ఏ తరహా జెట్లు వస్తాయో తేలుస్తాయి. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో 2017లో రన్‌వేను 4,973 నుంచి 3,500 అడుగులకు కుదించింది కూడా అందుకే.

విమానాశ్రయం మాస్టర్ ప్లాన్‌లో ‘క్రిటికల్ ఎయిర్‌క్రాఫ్ట్’ (ఏ విమానాలను బట్టి రన్‌వే కొలతలు వేశారో చెప్పేది) అన్న భాగం తెరవండి. ఫెడరల్ డబ్బుతో పొడిగించాలంటే ఆ పొడవు అవసరమైన విమానాలు ఏడాదికి 500 ఆపరేషన్లు చేస్తుండాలి, లేదా చేస్తాయని నమ్మదగిన ఆధారం చూపాలి. టచ్ అండ్ గోలు ఇందులోకి రావు. ఆ 500 ఎక్కడి నుంచి వచ్చాయో, ఏ విమానాలో, ఎవరి ఉత్తరాలు ఆధారమో లిఖితపూర్వకంగా అడగండి. పర్యావరణ అధ్యయనం మీద అభిప్రాయాల గడువులో ఈ ప్రశ్న కాగితం మీద పడాలి. గడువు దాటాక కోర్టుకెళ్తే ‘అప్పుడెందుకు అడగలేదు’ అంటారు.

ప్రశ్న: చిన్న విమానాల ఇంధనంలో సీసం ఉంటుందట. దాని అమ్మకం ఆపించవచ్చా? – ఒక పాఠకుడు, కాలిఫోర్నియా

జవాబు: ఉంటుంది. 100 ఎల్ఎల్ అనే ఆ పెట్రోలులో గ్యాలనుకు 2 గ్రాముల పైచిలుకు సీసం ఉండవచ్చు. అది ఆరోగ్యానికి ముప్పని ఫెడరల్ పర్యావరణ సంస్థ 2023 అక్టోబర్‌లో ప్రకటించింది. మీ రాష్ట్రంలోని శాంటా క్లారా కౌంటీ 2022 జనవరి 1 నుంచి తన రెండు విమానాశ్రయాల్లో దాని అమ్మకం ఆపింది. కానీ 2024 ఫెడరల్ చట్టం ఇప్పుడు ఆ దారి మూసింది. దాన్ని అమ్ముతూ వచ్చిన విమానాశ్రయాలు 2030 చివరి దాకా, లేదా తగిన సీసం లేని ఇంధనం అందుబాటులోకి వచ్చేదాకా అమ్ముతూనే ఉండాలి. సీసం లేనిదానికి రెండో ట్యాంకు పెట్టమని, దాని ధర తగ్గించమని అడగండి. పెట్రోలు విమానాలు లేచే ముందు ఇంజిన్ పరీక్ష చేసుకునే చోటును బడి, ఇళ్ల వైపు నుంచి జరపమని కూడా అడగండి. విమానం అక్కడ నిలబడి ఇంజిన్ జోరు పెంచుతుంది. పొగ అక్కడే పోగవుతుంది.

ప్రశ్న: విమానాశ్రయాన్నే మూసేయమంటే? లేదా మాకు నష్టపరిహారం? – ఒక పాఠకుడు, న్యూయార్క్

జవాబు: మూసివేత గ్రాంటు కాగితాల మీద ఆధారపడి ఉంటుంది. నిర్మాణానికి తీసుకున్న ఫెడరల్ గ్రాంటు సాధారణంగా 20 ఏళ్లు కట్టిపడేస్తుంది. ఆ డబ్బుతో భూమి కొని ఉంటే బాధ్యతకు గడువే లేదు. గ్రాంటుల జాబితాను, ‘ఎగ్జిబిట్ ఏ’ అనే భూమి పటాన్ని తెప్పించుకుని ఏ ముక్క ఏ డబ్బుతో వచ్చిందో చూడండి. ప్రతి కొత్త గ్రాంటుతో ఆ 20 ఏళ్లు మళ్లీ మొదలవుతాయి. అందుకే కమిషనర్ల ఎజెండాలో చడీచప్పుడు లేకుండా వచ్చే ‘గ్రాంటు స్వీకరణ’ అంశం మీద కన్నేసి ఉంచండి. శాంటా మోనికా దశాబ్దాలు పోరాడి 2017లో కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం కూడా మూయగలిగేది 2028 డిసెంబర్ 31 తర్వాతే.

పరిహారానికి పాత తీర్పులు రెండున్నాయి. ఉత్తర కరోలినాలో కాస్బీ అనే రైతు ఇంటికి 67 అడుగుల పైన సైనిక విమానాలు వెళ్తుంటే బెదిరిన కోళ్లు గోడలకు గుద్దుకుని 150 దాకా చచ్చాయి. అది ఆస్తి లాక్కోవడంతో సమానమని 1946లో సుప్రీం కోర్టు అంది. 1962లో గ్రిగ్స్ కేసులో చెల్లించాల్సింది విమానాశ్రయం సొంతదారేనని తేల్చింది. అయితే మీ స్థలం మీదుగానే, తక్కువ ఎత్తులో, తరచుగా వెళ్తేనే ఈ కేసు బలంగా ఉంటుంది. పక్కవీధి మీదుగా వెళ్లే చప్పుడుకు గెలవడం అరుదు. వకీలు దగ్గరికి వెళ్లే ముందు మీ దస్తావేజు తీసి చూడండి. పాత యజమాని ఎవరైనా విమానాలు వెళ్లే హక్కును ఎప్పుడో రాసిచ్చి ఉంటే, ‘ఎవిగేషన్ ఈజ్‌మెంట్’ అన్న పేరుతో అది అందులోనే ఉంటుంది. అప్పుడు ఆ హక్కు ఎంత ఎత్తు వరకు, ఎలాంటి విమానాలకు రాసిచ్చారో వకీలుతో చదివించండి.