మెట్లు, కారిడార్, పార్కింగ్‌లో సెన్సర్ లైట్లు: ఒకచోట అడుగు పెడితే పక్కచోట కూడా వెలగాలంటే?

పార్కింగ్‌కి, మెట్లకి, కారిడార్‌కి దేనికది సెన్సర్ లైటు పెట్టించినా ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లేటప్పుడు మధ్యలో చీకటి ఉంటోందని అడిగారు. విజయవాడలో మా అపార్ట్‌మెంట్‌లోనూ సరిగ్గా ఇదే ఇబ్బంది.

మొదట ఎలక్ట్రీషియన్ లైటు ఎక్కడుంటే సెన్సర్ అక్కడే బిగించాడు. పార్కింగ్ నుంచి వచ్చేవాళ్లు మూడు నాలుగు మెట్లు ఎక్కాక గానీ మెట్ల లైటు వెలిగేది కాదు. ఒకరోజు తెల్లవారుజామున మా అమ్మ పాలప్యాకెట్ కోసం దిగుతూ, మెట్లు అయిపోయాయనుకుని అడుగేసి పడింది. మోకాలు వాచి పది రోజులు మంచం దిగలేదు. అప్పటి నుంచి నేనే దీని వెంట పడ్డాను.

లైటు ఎక్కడున్నా ఫరవాలేదు, సెన్సర్ మాత్రం మనిషి వచ్చే దారిని చూడాలి. అందుకే మెట్ల లైట్లకి రెండు సెన్సర్లు పెట్టించాం: ఒకటి పార్కింగ్‌లో మెట్ల మొదట్లో, ఇంకోటి పై మలుపులో. సెన్సర్‌కి ఫేజ్ (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు), లైటుకి వెళ్లే వైరు అని మూడుంటాయి. లైటుకి వెళ్లే వైర్లు రెండూ కలిపేస్తే ఎవరు ఎటు నుంచి వచ్చినా లైట్లు వెలుగుతాయి.

ఇక్కడే చాలా జాగ్రత్త. మా కామన్ మీటరు త్రీ ఫేజ్, అంటే కరెంటు మూడు వేర్వేరు ఫేజ్ వైర్లలో వస్తుంది. పార్కింగ్ ఒక ఫేజ్ మీద, మెట్లు ఇంకో ఫేజ్ మీద ఉన్నాయి. వైర్లు కలిపే ముందు రెండు ఫేజ్‌ల మధ్య వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ పెట్టి చూస్తే 400 వోల్టులు దాటి చూపించింది. ఒకే ఫేజ్ అయితే సున్నా రావాలి. చూడకుండా కలిపి ఉంటే, రెండు సెన్సర్లూ ఒకేసారి ఆన్ అయిన క్షణాన షార్ట్ సర్క్యూటే. టెస్టర్‌తో ఈ తేడా తెలియదు, రెండుచోట్లా ఒకేలా వెలుగుతుంది. చివరికి పార్కింగ్ సెన్సర్‌కి ఫేజ్, న్యూట్రల్ రెండూ మెట్ల లైన్ నుంచే లాగించాం. ఈ పని దయచేసి మీరు సొంతంగా చేయకండి.

ఇంకో చిక్కు వచ్చింది. పార్కింగ్ లైటు వెలుతురు మలుపులోని సెన్సర్ మీద పడి, అది పగలే అనుకుని ఊరుకునేది. సెన్సర్ మీద, ఎంత వెలుతురు వరకు పనిచేయాలో పెట్టే లక్స్ నాబ్ ఉంటుంది; దాన్ని సూర్యుడి గుర్తు వైపు కొంచెం తిప్పితే సరిపోయింది. లైటు వెలిగి ఉండే టైమ్ రెండు నిమిషాలు పెట్టాం, పెద్దవాళ్లు మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటారు కదా.

మామూలు పీఐఆర్ సెన్సర్ ఒంటి వేడిని బట్టి పనిచేస్తుంది. మే నెలలో రాత్రి కూడా గోడలు సెగలు కక్కుతుంటే మనిషిని ఆలస్యంగా పసిగడుతుంది. ఎదురుగా వచ్చేవాళ్లకంటే అడ్డంగా దాటేవాళ్లను బాగా పట్టుకుంటుంది కాబట్టి పక్కగోడకి బిగించండి. కారిడార్‌లో మైక్రోవేవ్ రకం (రేడియో తరంగాలతో కదలికను పసిగట్టేది) వద్దు. మేం పెడితే, తలుపు వెనక ఇంట్లో ఎవరైనా నడిచినా లైటు వెలిగేది. తీయించేశాం.

అన్నీ కుదిరాక కూడా మెట్ల మొదట్లో 5 వాట్ల బల్బు ఒకటి రాత్రంతా వెలిగేలా ఉంచాం. రాత్రికి పది గంటలనుకున్నా నెలకి యూనిటున్నర. ఏ సెన్సర్ మొరాయించినా అమ్మకి చివరి మెట్టు కనిపిస్తుంది.