వీసా గడువు వేరు, ఉండే గడువు వేరు

రాజాం, బొబ్బిలి వైపు నుంచి అమెరికా వచ్చే మన పిల్లలు యాస గురించి తెగ టెన్షన్ పడతారు. యాసకేముంది, రెండోసారి చెబితే అవతలివాళ్లకి అర్థమవుతుంది. చేతి చమురు వదిలేది ఒకేలా వినిపించే మాటల దగ్గరే.

వీసా సంగతే చూడండి. విజయనగరం నుంచి అమ్మానాన్నలు బీ-2 అనే విజిటర్ వీసా మీద వస్తారు. పాస్‌పోర్టులో పదేళ్ల స్టాంపు చూసుకుని, "ఏటి బాబూ, పదేళ్లు ఇచ్చారు కదా, ఆరు నెలలకే పంపేస్తానంటావేటి?" అని నిలదీస్తారు. ఆ స్టాంపు గుమ్మం దాకా వచ్చి లోపలికి రానిమ్మని అడగడానికే. ఎన్నాళ్లుండొచ్చో చెప్పేది ఐ-94 అనే ప్రవేశ రికార్డు. బీ-2కి మామూలుగా ఆరు నెలలిస్తారు. విమానం దిగిన వారంలోపే సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైట్‌లో ఆ తేదీ చూసి పెట్టుకోండి. హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లకీ ఇది వర్తిస్తుంది: పాస్‌పోర్టు గడువు ముందే తీరిపోయేలా ఉంటే, ఐ-94ని అక్కడికే కత్తిరించి ఇవ్వడం కద్దు. చాలామంది చూసుకోనిది ఇదే.

మనూళ్లో అర్జెంటన్నా, ఎమర్జెన్సీ అన్నా ఒకటే పరుగు. ఇక్కడ జ్వరం, బెణుకు, చిన్న కుట్లు లాంటివాటికి అర్జెంట్ కేర్‌కి వెళ్లాలి. వాటికోసం ఎమర్జెన్సీ రూమ్‌కి వెళ్తే బిల్లు చూశాక అసలు జ్వరం వస్తుంది. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం అయితే మాత్రం లెక్కలు వేసుకోకుండా 911కి ఫోన్ చేయండి.

ఇన్సూరెన్స్‌లో కోపే, కోఇన్సూరెన్స్ కవలపిల్లల్లా ఉంటాయి. డాక్టర్ని కలిసినప్పుడల్లా కట్టే స్థిరమైన మొత్తం కోపే. కోఇన్సూరెన్స్ శాతం లెక్క. ఉదాహరణకి డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ వాటా మొదలయ్యే ముందు మీరు కట్టాల్సింది) 1,500 డాలర్లు, కోఇన్సూరెన్స్ 20 శాతం అనుకోండి. చాలా చికిత్సలకి మొదటి 1,500 మీ జేబులోంచే పోతుంది, ఆ తర్వాతి బిల్లులో అయిదోవంతు కూడా మీదే. ప్లాన్ ఎంచుకునేటప్పుడు నెలనెలా కట్టే ప్రీమియం ఒక్కటే చూసి మురిసిపోవద్దు.

ఆఫీసులో "డౌట్" ఉందంటే వాళ్ల మాట మీద మీకు నమ్మకం లేదనుకుంటారు, "క్వశ్చన్" ఉందనండి. "పాస్డ్ అవుట్" అంటే ఇక్కడ స్పృహ తప్పి పడిపోవడం. మీ రెజ్యూమేలో "పాస్డ్ అవుట్ ఇన్ 2023" అని ఉంటే తీసేసి "గ్రాడ్యుయేటెడ్" అని రాయండి.