సరదాగా నేర్చుకున్న మగ్గం పని సంపాదనగా మారాక విసుగు వస్తోంది. రోజూ కూర్చోవడం ఎలా?

మీరు రాసినదాన్ని బట్టి, ఒకప్పుడు పనిమాలా సమయం చేసుకుని కుట్టిన మీరే ఇప్పుడు ఆర్డర్లు ఎదురుగా ఉన్నా మగ్గం దగ్గరికి వెళ్లలేకపోతున్నారు. నేనూ చాలా ఏళ్లుగా ఇంట్లోనే పెళ్లి జాకెట్లకు మగ్గం పని చేస్తున్నాను. నాకు పనికొచ్చినవి చెబుతాను.

మన కోసం కుట్టుకున్నప్పుడు రంగు మనది, నెమలి ఎటు తిరిగి ఉండాలో మన ఇష్టం. ఆర్డర్లు మొదలయ్యాక ఆ నిర్ణయాలన్నీ ఫోనులో ఫొటో పంపేవాళ్ల చేతికి వెళ్లిపోతాయి. ఎవరో సినిమా తార పెళ్లి ఫొటోలు బయటికొస్తే ఆ సీజనంతా అదే జాకెట్ కుట్టాలి. నాకు విసుగు పుట్టించింది ఇదే. అందుకే వెనక మెడ, చేతులు వాళ్లు చెప్పినట్టే కుట్టినా, చేతి అంచున ఒక బుటా మాత్రం నా ఇష్టప్రకారం వేస్తానని ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పేస్తాను. వద్దన్నవాళ్లు తక్కువ. రోజంతా వేరేవాళ్ల డిజైన్ కుట్టినా, ఆ బుటా దగ్గరికి ఎప్పుడు చేరుకుంటానా అని ఉంటుంది.

ఇక రోజూ కూర్చోవడం సంగతి. ఈ పనిలో బద్ధకమంతా కుట్టడానికి ముందే ఉంటుంది. గుడ్డను మగ్గానికి వదులు లేకుండా బిగించాలి, డిజైన్ గుడ్డ మీద పడేలా చిల్లులు పొడిచిన ట్రేసింగ్ కాగితం పరిచి కిరోసిన్‌లో కలిపిన పొడితో రుద్దాలి, పూసలు, చెమ్కీలు, జర్దోసీ (స్ప్రింగులా చుట్టిన మెరుపు తీగ) ముక్కలు గిన్నెల్లో సర్దుకోవాలి. ఇవన్నీ పొద్దున పెట్టుకుంటే సూది పట్టేసరికి మధ్యాహ్నమవుతుంది. నేను రాత్రి భోజనాలయ్యాక చేసి ఉంచుతాను. ఇంకొకటి, సాయంత్రం పని ఆపేటప్పుడు పువ్వు పూర్తిచేయను. రెండు రేకులు వదిలేస్తాను. మర్నాడు ఏం కుట్టాలో ఆలోచించే పని ఉండదు. ఎడమచెయ్యి గుడ్డ కింద దారం అందిస్తుంటే పైన సూది దానంతటదే పరుగు తీస్తుంది, మనసు వెనకాల వస్తుంది.

పగటి వెలుతురులో జర్దోసీ, కుందన్ రాళ్లు అతకడం లాంటి కంటిపని పెట్టుకోండి. చైన్ స్టిచ్‌తో నింపడం సాయంత్రానికి ఉంచుకోండి. ఒక్కోసారి మనం ఉత్సాహం పోయిందనుకునేది మెడనొప్పి. మగ్గాన్ని కొంచెం ఎత్తులో పెట్టి కుర్చీలో కూర్చున్నాక నాకు సగం విసుగు తగ్గింది!

అన్నిటికన్నా ఎక్కువగా కుంగదీసేది పంచాంగం. దీని గురించి కొత్తగా దిగేవాళ్లకు ఎవరూ చెప్పరు. 2024లో ఏప్రిల్ నెలాఖరున పెళ్లిళ్లు చేయని మూఢం మొదలైంది, అది పోయేసరికి ఆషాఢం వచ్చింది. శ్రావణం దాకా ముహూర్తాలు లేవు. వేసవి అంటే మామూలుగా ఊపిరాడని కాలం, అలాంటిది ఫోను మోగలేదు. ఆ నెలల్లో పని మీద ఇష్టం చచ్చిపోయిందనిపిస్తుంది. నిజానికి అది డబ్బు భయం. కొత్త పంచాంగం రాగానే మూఢం ఎప్పుడో, ఆషాఢంలాంటి శూన్యమాసాలు ఎప్పుడో చూసి గుర్తు పెట్టుకోండి. సీజన్లో వచ్చినదాంట్లోంచి ఆ నెలల ఇంటిఖర్చు పక్కన పెట్టండి. సామాను ఖర్చుతో పాటు సగం కూలీ అడ్వాన్సు లేనిదే గుడ్డ ముట్టుకోకండి, అది బంధువులదైనా సరే. ఖాళీ రోజుల్లో చిన్న గుడ్డల మీద కొత్త నమూనాలు కుట్టి ఉంచుకుంటే రెండు లాభాలు: మన ఇష్టానికి కుట్టుకున్న తృప్తి ఒకటి, శ్రావణంలో వచ్చినవాళ్లు ఫోనులో ఫొటోలు వెతకకుండా వాటిలోనే ఎంచుకోవడం ఇంకొకటి. వరలక్ష్మీ వ్రతం జాకెట్లకు నాకు ఎక్కువగా అలా కుదిరినవే.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీతో ధరలో పోటీపడకండి. ఆ ధరకే కావాలనేవాళ్లకు ఆ దుకాణం దారి నేనే చూపిస్తాను. బేరమాడించుకుని ఒప్పుకున్న జాకెట్ ముందు కూర్చోవడానికి ఏ ఉత్సాహమూ చాలదు.

ఇప్పటికి మీ దగ్గర పేరుకుపోయిన ఆర్డర్లను ముహూర్తాల వారీగా పేర్చండి. తొందర లేనివాళ్లకు ఈరోజే ఫోన్ చేసి ఇంకో తేదీ చెప్పండి. పెళ్లికూతురి తల్లి చాలావరకు ఒప్పుకుంటుంది. మేనత్తలతోనే కొంచెం జాగ్రత్త.