లారీ టైర్ల కంప్రెసర్‌తో బొమ్మలు వేయవచ్చా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు లారీ టైర్ల పంక్చరు షాపు ఉంది. ఇల్లు పటమటలో. మా అబ్బాయి ఇంటర్ పూర్తి చేశాడు. హెల్మెట్లు, బైకు ట్యాంకుల మీద ఎయిర్ బ్రష్‌తో బొమ్మలు వేయడమే తన వృత్తి అంటున్నాడు. గన్ను, కంప్రెసర్ కలిపి 25,000 రూపాయలు కావాలట. షాపులో కంప్రెసర్ ఉంది కదరా అంటే నవ్వుతున్నాడు. కొనిపెట్టమంటారా?

జవాబు: ముందు ఆ నవ్వు సంగతి తేలుద్దాం. మీరన్నదాంట్లో సగానికి పైగా నిజం ఉంది. ఎయిర్ బ్రష్ అంటే గాలితో రంగును సన్నగా చిమ్మే చిన్న గన్ను, దానికి కావలసింది గాలి. మీరు లారీ టైరుకు వంద పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటించి గాలి పడతారు, ఎయిర్ బ్రష్‌కు 15 నుంచి 30 చాలు. మధ్యలో ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ ఒకటి పెడితే ఆ తేడా తీరిపోతుంది. పైగా మీ పెద్ద ట్యాంకు ఒక వరం. ట్యాంకు లేని చిన్న కంప్రెసర్లలో గాలి నాడిలా కొట్టుకుంటూ వస్తుంది, సన్నని గీత వేసేటప్పుడు ఆ వణుకు కాగితం మీద కనిపిస్తుంది.

అబ్బాయి నవ్వులోనూ కొంత న్యాయం ఉంది. షాపుల్లో వాడేవి ఎక్కువగా ఆయిల్ పోసి నడిపే పిస్టన్ కంప్రెసర్లు. ఆ నూనె తుంపర, గాలిలోని తేమ రెండూ గొట్టంలోకి వస్తాయి. టైరు దాన్ని పట్టించుకోదు, రంగు పట్టించుకుంటుంది. ఈ సాయంత్రం షాపు మూసే ముందు ట్యాంకు అడుగున ఉన్న వాల్వు కొంచెం తిప్పి చూడండి. తుప్పు రంగు నీళ్లు కారతాయి. నొక్కుకుపోయిన గాలి చల్లబడగానే అందులోని ఆవిరి నీరవుతుంది, కృష్ణ ఒడ్డున ఉన్న మన ఊళ్లో వర్షాకాలమైతే చెప్పనక్కరలేదు. పులి కన్ను దిద్దుతుండగా అందులో ఒక్క చుక్క వచ్చి పడితే ఆ పూట పని అంతా పోయినట్టే. అందుకే నూనెకు ఒక ఫిల్టరు, నీటికి ఒకటి, గన్ను దగ్గర చిన్నది మరొకటి పెట్టాలి. కార్లకు రంగు వేసేవాళ్లు వాడే సామానే ఇది, మీ షాపు చుట్టుపక్కలే దొరుకుతుంది. ఎయిర్ బ్రష్ గొట్టం మర సాధారణంగా 1/8 అంగుళం, షాపు లైన్లలో 1/4 ఎక్కువ. కలిపే అడాప్టర్ అడిగి తీసుకోండి.

ఇంట్లో రాత్రిపూట సాధన చేస్తానంటే అప్పుడు చిన్న కంప్రెసర్ గురించి ఆలోచించండి. ఆయిల్ అవసరం లేని పిస్టన్ రకం, 1/6 హెచ్‌పీ మోటారు, 3 లీటర్ల ట్యాంకు, గాలి నిండగానే తనంతట తానే ఆగే ఏర్పాటు, రెగ్యులేటర్, నీటి ఫిల్టరు ఉండాలి. ట్యాంకు ఉంటే మోటారుకు మధ్యమధ్య విశ్రాంతి దొరుకుతుంది. లేకపోతే మే నెల ఎండలో కాసేపటికే చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. గన్నుకే తగిలించే బ్యాటరీ రకాలు కేకుల మీద రంగు చల్లడానికి పనికొస్తాయి గానీ ఈ పనికి వద్దు.

ఇప్పుడు గన్ను. ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చే డ్యూయల్ యాక్షన్ రకమే కొనండి. నొక్కితే రెండూ ఒకేసారి వచ్చేది సులువనిపిస్తుంది, కానీ నెలలోనే పక్కన పెట్టేస్తారు. రంగు కప్పు పైన ఉండాలి. నాజిల్, అంటే రంగు బయటికి వచ్చే రంధ్రం, 0.3 మిల్లీమీటర్లు, లేదా 0.5. మొదటే 0.2 కొన్నవాళ్లు బొమ్మ వేసే సమయం కన్నా అడ్డుపడిన రంగు తీసే సమయం ఎక్కువ గడుపుతారు. జపాన్ ఇవాటా, జర్మనీ హార్డర్ అండ్ స్టీన్‌బెక్, అమెరికా బ్యాడ్జర్ పేరున్న కంపెనీలు. పేరు ఏదైనా, రంగును అదుపు చేసే లోపలి సూది, నాజిల్ విడిగా దొరుకుతాయా అని అడగకుండా డబ్బు ఇవ్వకండి. ఎందుకంటే సూది వంగుతుంది. తప్పకుండా వంగుతుంది. కొనను టిష్యూ కాగితం మీద మెల్లగా లాగి చూస్తే ఒక్క పోగు పట్టుకున్నా రంగు పక్కకు చిమ్ముతుందని అర్థం. కప్పులో బుడగలు వస్తే నాజిల్ వదులైందో, చీలిందో చూసుకోవాలి.

ఒకసారి గుంటూరు నుంచి ఒక కుర్రవాడు ఖరీదైన గన్ను సంచిలో వేసుకొని నా దగ్గరికి వచ్చాడు. ట్రిగ్గర్ కదలడం లేదు. లోపల రంగు రాయిలా ఆరిపోయింది. చేతిలో కళ ఉంది, కడిగే ఓపిక లేదు. ఈ వృత్తిలో ఎవరు నిలబడతారో నేను బొమ్మ చూసి చెప్పను, గన్ను విప్పమని చూస్తాను.

కాబట్టి 25,000 ఒకేసారి ఇవ్వకండి. గన్ను, ఫిల్టర్లు, రెగ్యులేటర్, నాలుగు సీసాల నీటి ఆధారిత అక్రిలిక్ రంగులు, గాలిని వడకట్టే కార్ట్‌రిడ్జ్ ఉన్న మాస్కు కొనివ్వండి. మిగిలింది మీ దగ్గరే ఉంచండి. రంగును పాలంత పలచగా కలిపి, మూడు నెలలు చుక్కలు, గీతలు, గుండ్రటి బంతికి నీడ. ఆ తర్వాత ఒక సొట్టబోయిన మడ్‌గార్డు. అవి మీ వీధిలో ఊరికే దొరుకుతాయి.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెబుతున్నాను. కార్లకు వాడే టూ-కే రంగుల్లో (రెండు ద్రవాలు కలిపి వేసేవి) గట్టిపరిచే ద్రవంలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఆస్తమా తెచ్చిపెడతాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపదు. తగిన గది, బయటి గాలి అందించే మాస్కు, నేర్పే పెద్దమనిషి లేకుండా వాటి జోలికి పోవద్దు. రెండోది హెల్మెట్. థిన్నర్ తగిలితే కొన్ని ప్లాస్టిక్ హెల్మెట్ల డొప్ప బలం తగ్గుతుంది, అందుకే చాలా కంపెనీలు రంగు వేయవద్దని రాస్తాయి. బొమ్మ బాగుండి తల పగిలితే ఎవరిది బాధ్యత? అందుకే ట్యాంకులతో మొదలుపెట్టమంటాను. బండి రంగే మార్చమని ఎవరైనా అడిగితే ఆర్‌సీలో మార్పు నమోదు చేయించుకోవాలని ముందే చెప్పాలి.

పని ఉందా అంటే, ఉంది. అయితే స్టిక్కర్లు చాలా భాగం తినేశాయి. చేత్తో వేసిన బొమ్మే కావాలనేవాళ్లు తక్కువ, వాళ్లను వెతుక్కోవాలి. తెనాలి విగ్రహాల పనివాళ్ల దగ్గర నీడలు అద్దే పని అడిగి చూడవచ్చు. కొండపల్లి బొమ్మలను మాత్రం గన్నుతో తాకనివ్వను, అది నా చాదస్తం.

చదువు ఆపనివ్వకండి. ఐటీఐలో ఆటో బాడీ పెయింటింగ్ ఏడాది కోర్సు, పెయింటర్ జనరల్ రెండేళ్లది ఉన్నాయి. బొమ్మ మీదే ధ్యాస ఉంటే చిత్రకళ డిగ్రీ బీఎఫ్ఏ నాలుగేళ్లు. రోజూ రెండు గంటలు ఖాళీ దొరికే డిగ్రీ అయినా ఫరవాలేదు.

మూడు నెలల తర్వాత ఆ మడ్‌గార్డు ఫొటో పంపమనండి. గన్ను విప్పి, సూది పక్కన పెట్టి తీసిన ఫొటో కూడా. నేను రెండోదే ముందు చూస్తాను.