నీరు తీసినా పిల్లాడి దిగులు తీయలేదంటే

మీ మేనల్లుడిది గోదారి పాయల మధ్యనున్న లంక ఊరు, చదివేది హాస్టల్లో ఉండి ఇంటర్. వరద పోయి నెలైనా తిండి సరిగా తినడు, పుస్తకం తీయడు, 'అయిపోయింది కదా, ఇంకా దిగులెందుకు?' అని అడిగారు. వాడికి అయిపోలేదండీ. సెప్టెంబరు దాటేదాకా గోదారి మళ్లీ ఎప్పుడైనా రావచ్చు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూసిన పిల్లలకి 'మర్చిపో' అనడం పనికిరాదు. మళ్లీ వచ్చేదాన్ని ఎలా మర్చిపోతారు?

బ్యారేజీ దగ్గర 17.75 అడుగులొచ్చి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రాత్రి ఎలా ఉంటుందో చూడండి. స్టడీ అవర్లో ఎవరో ఆ మాట అంటారు. పిల్లాడి ఫోను ఆఫీసు బీరువాలో ఉంటుంది. గేదెలు ఏటిగట్టు మీదికి చేరాయా, నాయనమ్మ పడవెక్కిందా, ఏమీ తెలియదు. మర్నాడు వాళ్లమ్మ 'ఇక్కడేం లేదు నాన్నా, నువ్వు చదువుకో' అంటుంది. అబద్ధమని వాడికి తెలుసు. ఇక ఆవిడ నిజం చెప్పినా నమ్మడు, తనే నీళ్లు ఊహించుకుంటాడు. ముందు నిద్ర పోతుంది, తర్వాత ఆకలి, ఆ తర్వాతే మార్కులు. కాలేజీ వాళ్లకి కనబడేది ఆ మార్కులే. వరద వారంలో కూడా ఫోను ఆదివారమే ఇస్తామనడం ఘోరం.

తోడుంటే దిగులు తగ్గుతుంది, నిజమే. కానీ లంకలో తోడు నిలవాల్సిన వాళ్లంతా ఒకేసారి నీళ్లలో ఉంటారు. అందుకే గట్టుకి ఇవతల ఉన్న మేనమామ, అంటే మీరే, ఆ పని పట్టుకోవాలి. వార్డెన్‌తో ముందే మాట్లాడుకుని రోజూ రాత్రి 8 గంటలకే ఫోను చేయండి. నీరెంత ఉంది, ఎవరెక్కడున్నారు, రేపు ఎవరేం చేస్తారు, ఇవి ఉన్నదున్నట్టు చెప్పండి. నీరు ఇంట్లోకొస్తే వచ్చిందనే చెప్పండి. 'ధైర్యంగా ఉండు' అనే మాట మానేసి, తడిసిపోయిన సర్టిఫికెట్లకి నకళ్లు తీయించండి, ఫీజు గడువు అడగండి. వాడి గుండె మీద బరువు అలాంటి పనులతోనే దిగుతుంది.

రెండు వారాలైనా మార్పు లేకపోతే డాక్టరు దగ్గర పీహెచ్‌క్యూ-9 చేయించండి, అంటే దిగులు జబ్బు (డిప్రెషన్) ఎంతుందో చూసే ప్రశ్నల పట్టీ. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, ఆపైన వస్తే చికిత్స సంగతి డాక్టరుతో మాట్లాడాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచన గురించి. దానికి ఒక్క మార్కు పడినా మొత్తం ఎంతొచ్చిందని చూడొద్దు. ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలకండి, మనసు బాధలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోను చేయండి. ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.